సాయంత్రాలు మింగే బ్యాచి

ఫోను మోగినప్పుడు నేను ముప్పావు అంగుళం పైపు ఎల్బోల బిల్లు టైపు చేస్తున్నాను. చూస్తే మా ఆయన. ఆ వేళప్పుడు ఆయన గాఢనిద్రలో ఉండాలి.

"హలో, ఏమైందండీ?"

"పక్కన ఎవరున్నారు?" అన్నాడు నిద్రమత్తు గొంతుతో.

"ఎవరో ఉన్నారని మీకెలా తెలుసు?"

"అండీ అన్నావుగా."

నిజమే. ఎవరైనా వింటుంటే నేను ఆయన్ని మీరు అంటాను. ఇద్దరమే ఉంటే నువ్వే. ఎవరూ ఒప్పందం రాసుకోలేదు, పెళ్ళయిన వారంలోనే అలా కుదిరిపోయింది.

"తొందరగా చెప్పండి, పెద్దగారు ఇటే చూస్తున్నారు."

"రేపట్నుంచి నాకు డే షిఫ్టు. ఇప్పుడే మా సూపర్‌వైజరు ఫోన్ చేసి లేపి మరీ చెప్పాడు. ఇవాళ రాత్రి సెలవు, రేపు తెల్లారి నుంచి డ్యూటీ."

కుర్చీలోంచి ఎంత విసురుగా లేచానంటే మౌసు వైరు చేతికి తగులుకుని అది టేబుల్ కింద వేలాడింది.

"నిజంగానా? ఒట్టు? నన్ను ఆటపట్టించట్లేదు కదా నువ్వు?"

"నువ్వు అంటున్నావు. పెద్దగారు వెళ్ళిపోయారా?"

"లేదు, ఎదురుగానే ఉన్నారు. ఉండనీ!"

పెద్దగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని నన్ను చూశారు. నేను ఫోను పెట్టేసి, వంగి మౌసుని పైకి తీసి, మళ్ళీ కూర్చుని, ఎల్బోల బదులు ట్యాపులు అని కొట్టి, చెరిపి, మళ్ళీ ట్యాపులే కొట్టాను.

నా సంతోషం అర్థం కావాలంటే మా మెట్ల సంగతి చెప్పాలి. మా ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో ఓవెన్ల దగ్గర పని చేస్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ రాత్రి షిఫ్టే. పొద్దున నేను ఆఫీసుకి దిగుతుంటే ఆయన ఇంటికి ఎక్కుతుంటాడు. రెండో అంతస్తు మలుపులో కలుసుకుంటాం. ఆయన చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న రొట్టె పొట్లం, నా చేతిలో తాళం చెవులు. అవి ఇచ్చిపుచ్చుకుంటూ నిన్నటి కబుర్లూ ఇవాళ్టి కోపాలూ అన్నీ అక్కడే తేల్చుకోవాలి. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆయన వెళ్ళిపోయి ఉంటాడు. ఆదివారం నాకు సెలవు, ఆయనకి బుధవారం. మా కాపురమంతా ఆ మలుపులోనే నడిచింది. పై వాటాలో ఉండే పంతులమ్మగారు దిగబోయే ముందు గట్టిగా దగ్గడం అలవాటు చేసుకున్నారంటే మీరే అర్థం చేసుకోండి.

"ఏంటమ్మా కొత్త పెళ్ళికూతురా, అంత నవ్వుమొహం? శుభవార్తా?" గుమ్మంలోంచి గోడౌన్ అక్క అడిగింది. మాది పైపులు, కుళాయిలు, బాత్రూము సామాను హోల్‌సేల్‌గా అమ్మే కంపెనీ. వెనక గోడౌన్‌లో ఏ సరుకు ఎక్కడుందో, ఏ లారీలో ఏది ఎక్కాలో చూసేది ఈవిడే. అందరికీ అక్కే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా.

"శుభవార్తే అక్కా!"

ఆవిడ చేతిలో ఉన్న టేపు కిందపెట్టి, రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "ఎన్నో నెల?"

"అయ్యో, అది కాదక్కా! ఆయనకి షిఫ్టు మారింది."

"ఇంతేనా," అని టేపు మళ్ళీ తీసుకుంది. "ముందు షిఫ్టు మారితేనే గదా మిగతావి. మంచిదే."

పెద్దగారు గొంతు సవరించుకున్నారు. ఆయన మా హెడ్ అకౌంటెంటు. జేబులో మూడు పెన్నులు, మూడూ నీలం రంగువే. కంప్యూటరు వచ్చిన మొదటి రోజు నుంచీ ఆయనే ఈ కంపెనీ లెక్కలు చూస్తున్నారు.

"చాలా సంతోషం అమ్మాయ్. షిఫ్టు ఎన్నింటి నుంచి?"

"తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా."

"మరి రాత్రి పెందరాళే పడుకోవాలిగా అతను?"

"అవును, తొమ్మిదికల్లా."

"మరి నువ్వు బ్యాచి అయ్యాక ఇల్లు చేరేది ఎన్నింటికి?"

నా మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మేం రోజంతా టైపు చేసే బిల్లులన్నీ ఒక షీటులో చేరతాయి. సాయంత్రం అందరూ లేచాక పోస్ట్ అనే మీట నొక్కుతాం. అప్పుడు ఆ ప్రోగ్రాము షీటులో ఒక్కో వరసా చదివి, ఆ సరుకు స్టాకులోంచి తీసేసి, పన్ను వేసి, ఖాతాలో రాసుకుని, చివరికి లోడింగు చీటీలు అచ్చు వేస్తుంది. ఆ చీటీలు ఉంటేనే మర్నాడు పొద్దున అక్క లారీలు కదిలించగలదు. ఇదే బ్యాచి. మధ్యలో ఏదైనా తప్పు దొరికితే అది ఆగిపోయి, ఎవరో ఒకరు వచ్చి సరిచేసేదాకా అలాగే కూర్చుంటుంది. అందుకని ఒకరు కాపలా ఉండాలి. ఆ ఒకరు నేను. ఆఫీసుకి తాళం వేసేది పెద్దగారు గనక ఆయనా ఉంటారు. ఇద్దరం ఆ తెరమీద పచ్చగీత అంగుళం అంగుళం పాకుతుంటే చూస్తూ కూర్చుంటాం. అది చివరికి చేరేసరికి వీధిలో అంగళ్ళన్నీ కట్టేసి ఉంటాయి.

ఇన్నాళ్ళూ నాకు దాంతో ఇబ్బంది లేదు. ఇంటికెళ్తే మాత్రం ఎవరున్నారు? కానీ ఇప్పుడు? నేను తలుపు తీసేసరికి ఆయన గుర్రుపెడుతుంటాడు. నేను లేచేసరికి ఆయన వెళ్ళిపోయి ఉంటాడు. మెట్ల మీద ఎదురుపడటం కూడా ఉండదు. నాకొచ్చిన శుభవార్త నాకున్న ఆ కాస్త మలుపునీ పట్టుకుపోతోంది.

"పెద్దగారూ, వేరే మనిషిని పెట్టమని అడుగుదామా?"

"అడిగాను. వచ్చే ఏడు చూద్దామన్నారు ఓనరుగారు. ఆవిడ వచ్చే ఏడు అంటే వచ్చే ఏడు కూడా వచ్చే ఏడనే అంటుంది."

"అయితే బ్యాచే ఆరింటికల్లా అయిపోవాలి."

పెద్దగారు హాయిగా నవ్వారు. "సూర్యుణ్ణి కాస్త ఆగి అస్తమించమన్నట్టుంది."

"అసలు ఎందుకింత నెమ్మది?"

"మొదట్లో ఇలా లేదమ్మా. టీ తాగి గ్లాసు కిందపెట్టేలోపు అయిపోయేది. రాన్రానూ ఇలా అయింది. వయసు! నాకు మాత్రం మెట్లెక్కితే ఆయాసం రావట్లా?"

మనుషులకి వయసొస్తే సరే. ఆ కంప్యూటరుని కిందటేడే మార్చారు. నా మనసులో ఆ మాట ముల్లులా దిగింది. కొత్త యంత్రం మీద పాత ఆయాసం ఎలా వచ్చింది?

ముందు ఆ ప్రోగ్రాము అమ్మిన కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాను. మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని చెప్పి, చాలాసేపు సన్నాయి వినిపించాక ఒకతను వచ్చాడు.

"మేడమ్, సిస్టమ్ ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చేశారా?"

"రోజూ చేస్తామండీ."

అతను ఏవో మీటలు టకటకలాడించాడు. "అయితే ఇవాళ చెయ్యకుండా చూడండి."

ఫోను పెట్టేశాను. ఇదంతా వింటున్న గోడౌన్ అక్క, "దుమ్మమ్మా, దుమ్ము. లోపలంతా దుమ్ము పట్టుంటుంది. దానికి ఊపిరాడక మూలుగుతోంది," అంటూ గోడౌన్‌లో పెట్టెలు దులిపే గాలి మిషను తెచ్చింది. నేను వద్దనేలోపే స్విచ్చి వేసింది. కంప్యూటరు వెనకనుంచి బూడిదరంగు మబ్బు ఒకటి లేచి, గదంతా ఒకసారి చూసి, పెద్దగారిని ఎంచుకుంది. ఆయన వరసపెట్టి తుమ్ముతూనే ఉన్నారు. ప్రతి తుమ్ముకీ ఒక పెన్ను జేబులోంచి దూకింది.

"ఇప్పుడు ఎగిరిపోతుంది చూడు నీ బ్యాచి," అంది అక్క తృప్తిగా.

"బ్యాచి సంగతేమో గానీ నేను ఎగిరిపోయేలా ఉన్నాను తల్లీ," అన్నారు పెద్దగారు ముక్కు తుడుచుకుంటూ.

దుమ్ము సర్దుకున్నాక కాలేజీలో మా ల్యాబు మేడమ్ చెప్పిన పద్ధతి గుర్తొచ్చింది. ఒకేసారి రెండు మార్చకు, ఒకటి మార్చి చూడు అనేది ఆవిడ. సరే, ఏదేది మార్చగలను? పోస్ట్ నొక్కి, కాసేపు చూసి మనమే ఆపేస్తే అది ఏదీ రాసుకోకుండా వెనక్కి వచ్చేస్తుంది. అందర్నీ ప్రోగ్రాములోంచి బయటికి రమ్మని నేనొక్కదాన్నే ఉండి చూశాను, తేడా లేదు. ప్రింటరు ఆపి చూశాను, పచ్చగీత పాకుడులో మార్పు లేదు. ఇక మిగిలింది షీటు.

"పెద్దగారూ, పొద్దుట్నుంచి కొట్టిన బిల్లుల్లో సగం ఒక కొత్త షీటులో వేసి పోస్ట్ చెయ్యనా?"

"కొత్త షీటా? ఎందుకూ, ఉన్న షీటు ఉందిగా?"

"ఊరికే. చూద్దామని."

"చూద్దామని లెక్కలు చెయ్యకూడదమ్మాయ్," అన్నారు గానీ, నా మొహం చూసి చెయ్యి ఊపారు. పెళ్ళయిన కొత్తలో మన మొహానికి అలాంటి బలమేదో ఉంటుందనుకుంటాను. ఉన్నన్నాళ్ళు వాడుకోవాలి.

కొత్త షీటు. సగం బిల్లులు. పోస్ట్ నొక్కి, ఇంకెంతసేపో గదా అని మంచినీళ్ళ సీసా అందుకున్నాను. మూత తిప్పేలోపు ప్రింటరు గురగురమంది. చీటీలు బయటికొస్తున్నాయి.

నేను సీసా అలాగే పట్టుకుని ఉండిపోయాను.

"ఏదో విరిగినట్టుంది," అన్నారు పెద్దగారు.

"లేదు పెద్దగారూ. అయిపోయింది."

ఆయన వచ్చి ఒక్కో చీటీ తీసి చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "కొన్నే బిల్లులు కదా. అందుకే తొందరగా అయింది."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని మిగతా సగాన్ని మామూలు షీటులోనే ఉంచి పోస్ట్ నొక్కాను. ఇటు సగం, అటు సగం. మధ్యాహ్నం భోజనం చేసి, డబ్బా కడుక్కుని, మా ఆయనకి ఫోన్ చేసి, నిద్ర చెడగొట్టావని తిట్టించుకుని, సంతోషంతో నిద్రెలా పడుతుందని నేనూ తిట్టి వచ్చాను. పచ్చగీత ఇంకా పావు దూరం కూడా పాకలేదు. పెద్దగారు చేతులు కట్టుకుని దాని ఎదురుగా నిలబడి ఉన్నారు. మొట్టమొదటిసారి ఆయన మొహంలో అనుమానం చూశాను.

"ఒకే యంత్రం. ఒకేలాంటి బిల్లులు. షీటు ఒక్కటే తేడా," అన్నాను.

"షీటులో ఏముంటుంది? నువ్వు చూసేవే గదా ఉన్నది. ఇదిగో, ఇన్నే వరసలు."

బ్యాచి ఆపేసి, ఇద్దరం తెరమీదకి వంగాం. కనపడే వరసలు నిజంగానే కొన్నే. కానీ పైన ఒక మూల చిన్న గరాటు బొమ్మ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ ఆ గరాటుని చూస్తున్నాను. ఆ ప్రోగ్రాము కంపెనీవాళ్ళ గుర్తేమో అనుకున్నాను.

"ఇదేంటి పెద్దగారూ?"

"అదా? అది ఎప్పుడో నేను పెట్టించిందే. కళ్ళకి ఇబ్బందిగా ఉందని. సున్నాలు కనపడకుండా."

"ఏ సున్నాలు?"

ఆయన జవాబు చెప్పేలోపే నేను గరాటు మీద నొక్కాను.

తెర ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత వరసలు దిగడం మొదలైంది. దిగుతూనే ఉన్నాయి. పక్కనుండే పైకీ కిందకీ జరిపే పట్టీ అరచెయ్యంత ఉండేది, ఆవగింజంత అయిపోయింది. వరస తర్వాత వరస, అన్నిట్లోనూ పరిమాణం దగ్గర సున్నా.

జరిగింది ఇదీ. మా కొట్టుకి వచ్చేవాళ్ళు రోజూ ఇంచుమించు ఒకే సరుకు అడుగుతారు. అందుకని పొద్దున్నే కొత్తగా టైపు చెయ్యకుండా నిన్నటి షీటుని నకలు తీసి, అంకెలు మాత్రం మారుస్తాం. పోస్ట్ చేశాక కూడా ఆ షీటు ఖాళీ అవదు, మర్నాటి నకలు కోసం అలాగే ఉంటుంది. ఇవాళ అక్కర్లేని వరసలో సున్నా పెడతాం. వరస తీసెయ్యం. నాకు పని నేర్పేటప్పుడు పెద్దగారు మొదట చెప్పింది అదే, వరస తియ్యకూడదు, సున్నా పెట్టాలి. ఎందుకని నేను అడగలేదు. ఆఫీసులో మొదటి రోజు ఎవరు అడుగుతారు? అలా ఈ కంపెనీలో ఎవరు ఎప్పుడు ఏది కొన్నా, ఒక్క వాషరు కొన్నా, ఆ వరస రోజూ కొత్త షీటులోకి ఎక్కి కూర్చుంటోంది. గరాటు వాటిని మా కళ్ళకి కనపడనివ్వట్లేదు. కంప్యూటరుకి మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి. అది పాపం ప్రతి సాయంత్రం ఒక్కో వరస దగ్గరా ఆగి, సరుకు ఉందా అని స్టాకు వెతికి, ధర వెతికి, సున్నాకి పన్ను ఎంతో లెక్కకట్టి, సున్నా అని తేల్చుకుని, పక్క వరసకి వెళ్తోంది.

"ఇది పాత బస్టాండు పక్కన ఉండే హోటలు కదా?" అన్నాను ఒక వరస చూపించి. "అది మూసేసి ఇప్పుడు బట్టల కొట్టు పెట్టారు."

"అవును."

"వాళ్ళకి మనం ప్రతి సాయంత్రం సున్నా కుళాయిలు పంపిస్తున్నాం పెద్దగారూ."

వెనకనుంచి గోడౌన్ అక్క పకపకా నవ్వింది. ఎప్పుడొచ్చి నిలబడిందో. "నా గోడౌన్ ఎంత గొప్పదమ్మా! లారీ కదలకుండా, మనిషి చెయ్యి పడకుండా ఇన్నేళ్ళుగా ఇంత సరుకు పంపేశానా?"

నేనూ నవ్వాను. నవ్వాపుకోలేక టేబుల్ పట్టుకున్నాను. పెద్దగారు మాత్రం నవ్వలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ ఆవగింజంత పట్టీని పట్టుకుని మెల్లగా కిందకి జరపసాగారు.

"ఇదిగో, గడ్డం మేస్త్రి. రోజూ వచ్చి ఒక వాషరు కొని, అరగంట కబుర్లు చెప్పేవాడు. వాళ్ళావిడ చేతిలో తిట్లు తప్పించుకోవడానికి వచ్చేవాడని తర్వాత తెలిసింది... ఇది ఆస్పత్రి కట్టేటప్పటిది. ఎన్ని కమోడ్లు పంపామో! ఒకటి మెట్ల మీదనుంచి జారితే అక్క ఆ మనిషిని ఎంత తిట్టిందని."

"ఆ మనిషినే తర్వాత పెళ్ళి చేసుకున్నాగా," అంది అక్క.

ఆ సంగతి నాకు అంతవరకూ తెలీదు. ఇంకోరోజైతే మొత్తం చెప్పించుకునేదాన్నే. కానీ గోడ గడియారంలో నాలుగు దాటింది. ఇవాళ ఈ బ్యాచి పాత షీటుతోనే పాకితే, రేపూ పాకుతుంది, ఎల్లుండీ పాకుతుంది.

"పెద్దగారూ, ఈ సున్నా వరసలు తీసేద్దాం."

ఆయన చెయ్యి ఆగింది. "తీసెయ్యడమా?"

"అవి లేకపోతే బ్యాచి మళ్ళీ టీ తాగేలోపు అయిపోతుంది."

"అమ్మాయ్, నాకు పని నేర్పినాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. లెక్కల్లో రాసింది కొట్టెయ్యకూడదు. తప్పైతే పక్కన సరిచెయ్యాలి, అంతేగాని చెరపకూడదు. ఇన్నేళ్ళలో నేను ఒక్క గీత చెరపలేదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, వాదించేదాన్ని. మెత్తగా, ఒకరికిచ్చిన మాట గురించి చెప్పినట్టు చెప్పారు.

"పోస్ట్ అయిపోయిన బిల్లులు ఎక్కడికీ పోవు పెద్దగారూ. వాటిని ఎవరూ ముట్టుకోరు, ఆస్పత్రి కమోడ్లూ ఉంటాయి, మేస్త్రి వాషర్లూ ఉంటాయి. ఇవి అసలు బిల్లులే కావు. బిల్లు రాసుకోవడానికి వేసిపెట్టిన ఖాళీ పీటలు. కూర్చునేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు."

"అయినా, చెరపడమంటే..."

మళ్ళీ పట్టీ జరపడం మొదలుపెట్టారు. నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. అక్కకి కొత్త పెళ్ళికూతుళ్ళ మీద జాలి ఉందనుకుంటాను.

"అయ్యా, నాకు చదువు తక్కువ గానీ సామాన్ల సంగతి తెలుసు," అంది. "మా ఇంట్లో మా అత్తగారు ఖాళీ డబ్బా ఒక్కటి పారెయ్యనివ్వదు. వంటింట్లో తిరగడానికి చోటు లేదు. దేవుడి దయవల్ల ఇల్లు మారాం. అవన్నీ మూటగట్టి అటకమీద పెట్టాను. ఆవిడకీ తృప్తి, నాకూ చోటు. ఇంతవరకూ ఒక్కటీ కిందకి దింపమని అడగలేదావిడ."

పెద్దగారు తల ఎత్తారు. "అటక మీద అంటే?"

నాకు వెలిగింది. "పెద్దగారూ! ఈ షీటు మొత్తం ఉన్నదున్నట్టు ఇంకో పేరుతో దాచేద్దాం. ఒక్క గీత చెరపం. మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూసుకోవచ్చు. రోజూ పోస్ట్ చేసే షీటులో మాత్రం ఇవాళ్టి బిల్లులే ఉంటాయి."

"ఒక్క గీత కూడా పోదు?"

"ఒక్కటి కూడా."

"గడ్డం మేస్త్రి?"

"ఆయన వాషరుతో సహా ఉంటాడు."

ఆయన కాసేపు మీసం సవరించుకున్నారు. అక్క నా చెయ్యి గిల్లింది, ఊపిరి తీసుకోవే అన్నట్టు.

"కాస్త జరుగు. ఇది నా చేత్తో చేస్తాను," అన్నారు.

దాచే షీటుకి పేరు పెట్టమంటే అటక అని టైపు చేశారు. సేవ్ నొక్కే ముందు ఒకసారి, నొక్కాక రెండుసార్లు తెరిచి చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. తర్వాత సున్నాలేని వరసలు మాత్రం కొత్త షీటులోకి తెచ్చుకున్నాం. ఆ తర్వాత మధ్యాహ్నం వచ్చిన బిల్లులన్నీ ఆయన చదువుతుంటే నేను గబగబా కొట్టాను. ఆయన చదవడంలో కూడా కొత్త వేగం వచ్చింది, ఒకచోట నేనే ఆగమని బతిమాలాల్సి వచ్చింది.

ఐదున్నర దాటాక పోస్ట్ నొక్కాను. పచ్చగీత ఉరికింది. నేను అరవబోయాను. సగంలో అది టక్కున ఆగి, ఎర్రటి అక్షరాలతో ఏదో చెప్పింది.

నా ప్రాణం ఉసూరుమంది. "ఏమైంది? ఏమంటోంది? పెద్దగారూ, మనం ఏదో పాడుచేశాం!"

ఆయన వంగి చదివి, చిన్నగా నవ్వారు. "ఏం పాడవలేదు. అప్పు మీద కొనేవాళ్ళకీ, రొక్కం ఇచ్చేవాళ్ళకీ బిల్లు నంబర్లు వేరువేరు. పొద్దున నువ్వు చేసినవన్నీ రొక్కపు బిల్లులు, అందుకని అడగలేదు. రెండో రకం నంబర్లు ఎక్కడ మొదలవ్వాలో కొత్త షీటుకి ఎవరు చెప్తారు? నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. అదే అడుగుతోంది, పాపం." రెండు మీటలు నొక్కారు. "ఇప్పుడు వెళ్ళవే తల్లీ," అన్నారు, నన్ను కాదు, బ్యాచిని.

వెళ్ళింది. టీ తెచ్చే ఆయన గ్లాసులు టేబుల్ మీద పెట్టి వెనక్కి తిరిగేలోపు ప్రింటరు లోడింగు చీటీలు కుప్పలు కుప్పలుగా కక్కింది. అక్క వాటిని ఎత్తుకుని, పసిపాపని చూసినట్టు చూసుకుంటూ గోడౌన్‌లోకి పరిగెత్తింది. లారీలు రాత్రికే సర్దించేస్తుందట, పొద్దున్నే ఆ తిట్లూ హడావుడీ ఉండవట.

నేను ఎగిరి గంతేశాను. అలంకారానికి అనట్లేదు, నిజంగానే గంతేశాను. చెప్పు ఒకటి ఫైళ్ళ బీరువా కిందకి పోయింది.

పెద్దగారు టీ తాగి, గ్లాసు కిందపెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

"ఇంటికెళ్ళాలి పెద్దగారూ!"

"ఇప్పుడా? వెలుతురుంది." కిటికీ బయటకి అనుమానంగా చూసి, ఇంటికి ఫోన్ చేశారు. అవతలి గొంతు గదంతా వినపడుతుంది, ఆవిడ గొంతు అలాంటిది.

"బయల్దేరుతున్నా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"ఉద్యోగం పోయిందా?"

"లేదే! పని అయిపోయింది."

"అయితే వచ్చేటప్పుడు కూరగాయలు తెండి. మీరే ఏరి తెండి, వాడు పుచ్చువి వేస్తాడు." ఫోను పెట్టేసి ఆయన నవ్వుకుంటూ ఆఫీసుకి తాళం వేశారు. ఎండలో ఆ తాళం మెరవడం నేను మొదటిసారి చూశాను.

వీధి అంతా నాకు కొత్తగా ఉంది. రోజూ మూసిన షట్టర్లే చూసేదాన్ని గదా, ఒక షట్టరు వెనక వాచీలు బాగుచేసే ఆయన, ఇంకోదాని వెనక చేపపిల్లల తొట్లు! పార్కు గేటు తీసే ఉంది. చెరువులో కాళ్ళతో తొక్కే పడవలు తిరుగుతున్నాయి. టిక్కెట్ల కిటికీ పైన ఏడింటి వరకే అని బోర్డు. ఆ బోర్డు కింద ఒక నిమిషం నిలబడి ఊరికే నవ్వుకున్నాను. టిక్కెట్లిచ్చే ఆవిడ పడవ ఎలా తొక్కాలో చెప్పి, ఒకటా రెండా అని అడిగింది. రేపు చెప్తానన్నాను.

తలుపు కొడితే మా ఆయన జుట్టు ఆకాశంలోకి లేచి ఉండగా, కళ్ళు నులుముకుంటూ తీశాడు.

"అదేంటి, నువ్వా? ఆఫీసులో కరెంటు పోయిందా?"

"లేదు. బ్యాచి అయిపోయింది. ఇక రోజూ ఇంతే."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నన్ను గుమ్మంలోనే ఎత్తుకుని తిప్పాడు. నా సంచీ తగిలి గోడమీద క్యాలెండరు కిందపడింది. ఇద్దరం దాన్ని తీసి మళ్ళీ తగిలించడానికి మేకు వెతుక్కుంటూ, ఒకరి మాటకి ఒకరం అడ్డొస్తుంటే, నేను గరాటు గురించీ గడ్డం మేస్త్రి గురించీ అంతా చెప్పేశాను. ఆయన మధ్యలో సున్నా కుళాయిలు అని తలుచుకుని మంచం మీద పడి నవ్వాడు.

"సరే గానీ రేపు నువ్వెన్నింటికి వస్తావు?" అన్నాను.

"మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉంటా."

"అయితే విను. రేపు సాయంత్రం ఆరింటికి మా ఆఫీసు గేటు దగ్గర నిలబడు. పార్కుకి వెళ్దాం. ఏడు దాకా పడవ తొక్కి, మార్కెట్లో ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికొచ్చి ఇద్దరం కలిసి వండుకుందాం. తొమ్మిదికి నువ్వు పడుకో."

"పడవ నేను తొక్కను, కాళ్ళు నొప్పులు. పొద్దుట్నుంచి ఓవెన్ ముందు నిలబడి వస్తానా! నువ్వు తొక్కు, నేను కూర్చుంటా."

"రెండువైపులా తొక్కకపోతే గుండ్రంగా తిరుగుతుందట. టిక్కెట్ల ఆవిడ చెప్పింది."

"తిరగనీ. మనకేం తొందర?" అన్నాడు. "ఆరింటికి గేటు దగ్గర ఉంటా. ఐదున్నరకే ఉంటా."